సెల్లారులో చార్జింగు - వాచ్‌మన్ ప్రాణానికి పూచీ ఎవరిది?

బెజవాడలో ఏ అపార్టుమెంటుకు వెళ్ళినా కింద బళ్ళు పెట్టుకునే చోట ఒక మూల చిన్న గది కనిపిస్తుంది. దానికి కిటికీ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. పక్కన కరెంటు మీటర్ల బోర్డు, ఎదురుగా లిఫ్టు, చుట్టూ కార్లు, స్కూటర్లు. ఆ గదిలో కాపురముండేది వాచ్‌మన్ కుటుంబం. పొలం పనులు చాలకనో, చేసిన అప్పు తీరకనో, పిల్లలకు పట్నంలో నాలుగక్షరాలు వస్తాయన్న ఆశతోనో పల్లె విడిచి వచ్చినవారు వీరిలో ఎందరో. కృష్ణా జిల్లా 2022లో రెండుగా విడిపోయింది గాని, పనికోసం పల్లెలో బస్సెక్కినవాడు దిగే ఊరు మాత్రం మారలేదు.

ఇప్పుడు ఆ గది పక్కకే ఎలక్ట్రిక్ బళ్ళ చార్జింగు వచ్చి చేరుతున్నది. చాలా చోట్ల దానికి ఒక పద్ధతి అంటూ లేదు. ఎవరికి తోచినట్లు వారు తీగ లాగుతున్నారు. రాత్రి పదింటికి ప్లగ్గు పెట్టి యజమాని మూడో అంతస్తులో నిద్రపోతాడు. ఆ బండికి పదడుగుల దూరంలో వాచ్‌మన్ పిల్లలు నిద్రపోతారు. ఫ్యూజు పోతే లేచి చూడవలసినవాడూ, బండి నిండిన తర్వాత ప్లగ్గు తీయవలసినవాడూ వాచ్‌మనే. ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. దానికి జీతంలో ఒక్క రూపాయి కలపలేదు.

ఇది పట్నం వాళ్ళ గొడవ, మనకెందుకని పల్లెల్లో అనుకోవడానికి వీల్లేదు. పిల్లల చదువుకో, ముసలితనంలో ఆసరాకో విజయవాడలోనో గుడివాడలోనో ఒక ఫ్లాటు కొని అద్దెకిచ్చిన రైతులు ఊరూరా ఉన్నారు. అపార్టుమెంటు సంఘం మీటింగుకు రమ్మని కబురు వస్తే "అక్కడున్నవాళ్ళు చూసుకుంటారులే" అని ఊరుకోవడం పరిపాటి. పైన ఇంటి యజమానీ పల్లెవాడే, కింద కాపలా ఉన్నవాడూ పల్లెవాడే అయినప్పుడు ఈ విషయం పల్లెకు సంబంధించనిదెలా అవుతుంది?

ఎలక్ట్రిక్ బళ్ళను వద్దనడం ఇక ఎవరి తరమూ కాదు. అనవలసిన అవసరమూ లేదు. స్కూటరు బ్యాటరీలో పట్టేది సాధారణంగా రెండు మొదలు నాలుగు యూనిట్ల కరెంటు. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న బండి 80 నుంచి 100 కిలోమీటర్ల దాకా పోతుంది. అంత దూరానికి పెట్రోలు స్కూటరు రెండు లీటర్లు తాగుతుంది. పెట్రోలు లీటరు వంద దాటిన ఈ రోజుల్లో పాలు పోసేవాడికీ, సరుకులు చేరవేసే కుర్రవాడికీ, ఆటో నడుపుకునేవాడికీ ఈ తేడా నెల తిరిగేసరికి చిన్న మొత్తం కాదు.

సొంత ఇల్లు, సొంత వాకిలి ఉన్నవాడికి చిక్కు లేదు. తన మీటరు నుంచి తన గోడ మీదుగా తీగ తెచ్చుకుంటాడు. అపార్టుమెంటులో అలా కుదరదు. స్థలం అందరిదీ, బండి ఒకరిది, కరెంటు ఎవరి ఖాతాలోదో తేలదు. మీటర్ల బోర్డు నుంచి తన బండి దాకా తీగ వేయాలంటే నలుగురి బళ్ళు దాటి రావాలి. ఆ నలుగురిలో ఒకరు కాదంటే పని ఆగుతుంది. సంఘం ప్రెసిడెంటును అడిగితే "ఒకరికిస్తే అందరూ అడుగుతారు" అనో, "బ్యాటరీ పేలితే ఎవరు జవాబుదారీ" అనో వాయిదా వేస్తారు. వారి భయం అర్థం లేనిదని కొట్టివేయనక్కరలేదు. కాని వాయిదా వేసినంత మాత్రాన ప్రమాదం తొలగిపోతుందా అన్నదే ప్రశ్న.

తొలగిపోదు సరికదా, ఇంకా చెడ్డ చోటికి వెళుతుంది. కింద వద్దంటే, తీయడానికి వీలైన బ్యాటరీని పైకి మోసుకెళ్ళి పడకగదిలో ప్లగ్గు పెడతారు. తీయడానికి వీల్లేని బండి అయితే బాల్కనీ నుంచి తీగ కిందికి వేలాడదీస్తారు. వానా ఎండా ఆ తీగ మీదే. పడకగదిలో చార్జింగు ఎంత పని చేస్తుందో ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనే ఒక ఇంట్లో రాత్రి వేళ చార్జింగులో ఉన్న స్కూటరు బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణాలు కోల్పోయాడు, భార్యాబిడ్డలు గాయపడ్డారు. అదే వారంలో నిజామాబాద్‌లో ఇంటి హాలులో పెట్టిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. ఆ ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉంచిన చోట పుట్టిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి వ్యాపించి ఎనిమిదిమంది చనిపోయారు. కింద మంట, పైన మనుషులు! ఇది అపార్టుమెంటు సంఘాలు మరచిపోకూడని దృశ్యం.

ఈ సంఘటనల తర్వాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల తయారీ ప్రమాణాలను కట్టుదిట్టం చేసింది. 2022 డిసెంబరు 1 నుంచి కొన్ని, 2023 మార్చి 31 నుంచి మరికొన్ని అమలులోకి వచ్చాయి. ఆ తర్వాత తయారైన బళ్ళు అంతకుముందు వాటికన్నా మేలైనవే. అయినా పాత బళ్ళు రోడ్డు మీద ఉన్నాయి. ఊరూపేరూ లేని చౌక చార్జర్లు బజారులో ఉన్నాయి. విప్పి మళ్ళీ అతికించిన బ్యాటరీలూ లేకపోలేదు. పెట్రోలు బళ్ళు మాత్రం తగలబడవా అని అడిగేవారున్నారు. తగలబడతాయి. అయితే పెట్రోలు బండిని రాత్రంతా కరెంటుకు తగిలించి ఎవరూ నిద్రపోరు.

ఇక చట్టం ఏమంటున్నదో చూస్తే, చాలామంది అనుకుంటున్నట్లు ఇది సంఘం దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన వ్యవహారం కాదు. బండికి చార్జింగు పెట్టడం కరెంటు అమ్మకం కిందికి రాదని, దానికి లైసెన్సు అక్కరలేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే తేల్చింది. ఎవరైనా తమ ఇంట్లోనూ, ఆఫీసులోనూ ఉన్న కనెక్షను నుంచే బండికి చార్జింగు పెట్టుకోవచ్చునని 2022 జనవరి 14న ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024 ఫిబ్రవరిలో సవరించి, బండి చార్జింగుకు విడిగా కనెక్షను అడిగే వీలు కల్పించింది. అదే సవరణలో కొత్త కనెక్షన్ల గడువునూ కుదించారు. మహానగరాల్లో మూడు రోజులు, ఇతర మునిసిపాలిటీల్లో ఏడు రోజులు, గ్రామాల్లో పదిహేను రోజుల్లో కనెక్షను ఇవ్వాలి. కొత్త లైను లాగవలసి వస్తే ఆ వ్యవధి వేరు. కొత్త భవనాల్లో వాహనాల చోటులో అయిదో వంతుకు చార్జింగు వసతి ఉండాలని, అందుకు తగిన అదనపు లోడు ముందే లెక్క వేయాలని 2019లో కేంద్రం నమూనా భవన నియమాల్లో చేర్చింది. ఇవి నమూనా నియమాలు. వాటిని ఊళ్ళో అమలు చేయించవలసినది రాష్ట్రమూ, మునిసిపాలిటీలూ. ప్లాను మీద చూపిన చార్జింగు చోటు కట్టడంలో ఉన్నదో లేదో చూసి వచ్చే తీరిక అధికారులకు ఉన్నదా అన్నది వేరే సంగతి.

హక్కు ఉన్నది గదా అని ఎవరికి వారు పలకకు రంధ్రాలు కొట్టి తీగలు లాగడమూ సరికాదు. లోడు సంగతి పల్లె రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. 5 హెచ్.పి. అని రాయించుకుని ఏడున్నర హెచ్.పి. మోటారు బిగించేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు. అలాంటివారు నలుగురు చేరితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. కాలిన తర్వాత ఆ నలుగురి చేలే ఎండవు. దాని కింద ఉన్న చేలన్నీ ఎండుతాయి. కొత్తది వచ్చేదాకా లైన్‌మన్ చుట్టూ తిరిగేది, చందాలు వేసుకునేది అందరూ.

అపార్టుమెంటులోనూ లెక్క అదే. స్కూటరు చార్జరు లాగేది అర కిలోవాటు నుంచి ముప్పావు కిలోవాటు. ఒక ఇస్త్రీపెట్టె పాటిది, భయపడనక్కరలేదు. కారు దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. ఇంట్లో పెట్టే చిన్న చార్జరు 3.3 కిలోవాట్లు, అంటే సుమారు నాలుగున్నర హెచ్.పి. పెద్దది 7.4 కిలోవాట్లు, అంటే పది హెచ్.పి. మోటారు ఒకటి. అయిదుగురు ఒకేసారి పెద్ద చార్జర్లు ఆన్ చేస్తే 37 కిలోవాట్లు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఆ ఒక్క పనికే చాలదు. మే నెల రాత్రి ప్రతి ఇంట్లో ఏసీ నడుస్తూ ఉంటే చెప్పనే అక్కరలేదు. పదిహేనేళ్ళ కిందట కట్టిన భవనంలో తీగలు వేసినవాడు ఈ బళ్ళను ఊహించి వేయలేదు.

నిజానికి అంత కరెంటు అందరికీ ఒకేసారి అవసరం ఉండదు. ఊళ్ళో తిరిగే కారు రోజుకు 40 కిలోమీటర్లు పోయిందనుకుంటే దానికి పట్టేది సుమారు ఆరు యూనిట్లు. చిన్న చార్జరు మీద రెండు గంటల పని. అది రాత్రి పదింటికే జరగాలని లేదు, తెల్లవారుజామున మూడింటికి జరిగినా బండి పొద్దున్నే సిద్ధం. కృష్ణా డెల్టాలో నీళ్ళు చాలని ఏడు కాలువలకు వంతులు పెట్టుకోవడం ఇక్కడి రైతులకు కొత్త కాదు. పై చేనువాడు గండి కొట్టుకోకుండా ఉంటే చివరి చేనుకూ తడి అందుతుంది. కరెంటుకూ అలాగే వంతులు పెట్టుకోవచ్చు. ఉన్న లోడును బళ్ళ మధ్య తనంతట తానే సర్దే చార్జర్లు బజారులోకి వచ్చాయి. అవి కొనలేనిచోట గోడ మీద ఒక కాగితం అంటించి, ఏ ఫ్లాటువారు ఏ వేళకు పెట్టాలో రాసుకున్నా పని జరుగుతుంది. కావలసినది కలిసి కూర్చోవడం. అదే చాలా సంఘాల్లో జరగడం లేదు. లిఫ్టు రిపేరుకే డబ్బు వసూలు కాని చోట ఇంకేమి కూర్చుంటారు అని పెదవి విరిచేవారి మాటలో కొంత నిజం లేకపోలేదు.

డబ్బు లెక్క తేలకపోవడం వల్లనే సగం తగాదాలు. కొన్నిచోట్ల లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు నడిచే ఉమ్మడి మీటరుకే చార్జింగు ప్లగ్గు తగిలిస్తున్నారు. బండి ఉన్నవాడు కారు నింపుకుంటాడు, బండి లేని పెన్షనరు నెలవారీ చందాలో ఆ బిల్లు కడతాడు. ఇది న్యాయం కాదు. తన ఫ్లాటు మీటరు నుంచే తన చోటుకు తీగ వేయించుకోవడం ఒక దారి. అప్పుడు యూనిట్లు పెరిగేకొద్దీ ధర పెరిగే శ్లాబు దెబ్బ తనకే తగులుతుంది, ఇతరులకు తగలదు. కారున్నవారు నలుగురైదుగురు ఉంటే చార్జింగుకే ఒక విడి కనెక్షను తీసుకుని, ఒక్కొక్కరికి చిన్న లెక్క మీటరు పెట్టుకోవడం మేలు. తీగ, పెట్టె, ఎర్తింగు ఖర్చు వాడుకునేవారు భరించాలి. రేపు కొత్తగా బండి కొన్నవాడు తన వాటా కట్టి చేరాలి. ఈ మాటలన్నీ మినిట్సు పుస్తకంలో రాసి సంతకాలు చేయిస్తే తర్వాత ప్రెసిడెంటు మారినా మాట మారదు. ఫ్లాటు అద్దెకిచ్చి ఊళ్ళో ఉన్న యజమాని ఆ సంతకం కోసమైనా ఒక పూట బస్సెక్కి వెళ్ళాలి. అద్దెకున్నవాడు తన బండికి ప్లగ్గు అడిగితే కాదనేందుకు, అవుననేందుకు అతనికి అధికారం లేదు. ఉన్నది యజమానికే.

తీగ వేయడంలో మాత్రం పొదుపు పనికిరాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చార్జింగు కేంద్రాలకు 2019లో భద్రతా నియమాలు చేర్చింది, 2023 నాటి నిబంధనల్లోనూ వాటికి చోటున్నది. ప్లగ్గు సాకెట్టు నేలకు 800 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులకు పైన ఉండాలి. బండి ఆ ప్లగ్గుకు అయిదు మీటర్ల లోపు నిలవాలి. ఎక్స్‌టెన్షను తీగ కలపకూడదు. తీగలో కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా టక్కున ఆపేసే పరికరం ఉండాలి. అపార్టుమెంటు సెల్లారుకు ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. పెద్ద చార్జరుకు, దూరాన్ని బట్టి, ఆరు చదరపు మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని మందం ఉన్న రాగి తీగ కావాలి. ఫ్యాను తీగతో కారు నింపుదామంటే తీగ వేడెక్కి పై తొడుగు కరుగుతుంది. మొదట వాసన వస్తుంది. ఆ వాసన ముందుగా తగిలేది వాచ్‌మన్ గదిలోకే.

సాకెట్టు ఎత్తు సంగతి విజయవాడవారు మరింత పట్టించుకోవాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ వైపు కాలనీలను ముంచినప్పుడు కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. కార్లూ స్కూటర్లూ మునిగాయి. అటువంటి చోట రెండున్నర అడుగుల ఎత్తు ఏ మూలకు? ఆ నాటి నీటి మరక గోడ మీద ఎక్కడిదాకా ఉన్నదో చూసి అంతకు పైన పెట్టించడం మంచిది. సెల్లారు చార్జింగు లైనును ఒక్కసారిగా ఆపే స్విచ్చి మెట్ల పైభాగాన, నీరు రాని చోట ఉండాలి. నీళ్ళలో మునిగిన బ్యాటరీ ఆరినట్లు కనిపించినా మెకానిక్కు చూసేదాకా దానికి ప్లగ్గు పెట్టకూడదు. లోపలి తేమ రోజుల తర్వాత కూడా చేటు చేస్తుంది.

పల్లెల్లోనూ ఈ సమస్య గుమ్మం దాకా వచ్చింది. అన్నదమ్ములు ఇళ్ళు పంచుకుని వాకిలి ఉమ్మడిగా ఉంచుకున్న చోట పెద్దవాడి కొడుకు ఎలక్ట్రిక్ ఆటో కొంటాడు. తీగ చిన్నవాడి గుమ్మం ముందునుంచి పోతుంది. దాని మీదనే గేదెలు నడుస్తాయి, పిల్లలు ఆడతారు. సెంటున్నర స్థలంలో కట్టిన కాలనీ ఇళ్ళకు బండి పెట్టే చోటే లేదు. ఆటో వీధిలో, తీగ కిటికీలోంచి. ఆటో బ్యాటరీ ఏడెనిమిది యూనిట్లు మొదలు పది పదకొండు యూనిట్ల దాకా పడుతుంది, రాత్రంతా ఆ తీగ వీధిలోనే ఉంటుంది. వానాకాలంలో ఆ వీధిలో అడుగు పెట్టేవాడి గతి ఏమిటి? పంచాయతీలు వీధిదీపాల స్తంభం దగ్గరో, చావిడి పక్కనో ఒక ఎత్తైన అరుగు, ఒక మీటరు, నాలుగు మంచి ప్లగ్గులు ఏర్పాటు చేసి, వాడినవారి దగ్గర యూనిట్లకు వసూలు చేసుకోవచ్చు. పొలాల్లో పడిన తీగలు తొక్కి మనుషులూ పశువులూ పోవడం చూసిన ఊళ్ళకు ఇది దుబారా అనిపించదు.

మళ్ళీ అపార్టుమెంటు దగ్గరికి వస్తే, చార్జింగు చోటు ఎక్కడ అన్నది నిర్ణయించేటప్పుడు వాచ్‌మన్ గది ఎక్కడున్నదో ముందు చూడాలి. ఆ గది తలుపుకూ మెట్లకూ మధ్య చార్జింగు బండి నిలవకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే వచ్చే పొగ విషపూరితం. ఆరినట్లే ఆరి మళ్ళీ అంటుకుంటుంది, చల్లార్చడానికి నీళ్ళు విస్తారంగా కావాలి. గోడకు తగిలించిన చిన్న ఎర్ర డబ్బా దానికి చాలదు. అందుచేత ఆ కుటుంబానికి తప్పించుకునే దారి ముఖ్యం. గేటు వైపు రెండో తలుపు పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక కారు చార్జరు ధరకు మించదు. పొగ వస్తే కూతపెట్టే చిన్న పరికరం ధర ఇంకా తక్కువ. వాచ్‌మన్‌కూ అతని భార్యకూ మెయిన్ స్విచ్చి ఎక్కడో చూపించాలి. మండుతున్న బండిని లాగబోవద్దని, ముందు పిల్లలను బయటికి తీసుకుపోయి తర్వాత 101కి ఫోను చేయమని చెప్పాలి. యజమాని బండికి ప్లగ్గు పెట్టడం, తీయడం యజమాని పనే గాని వాచ్‌మన్ పని కాదని సంఘం తీర్మానంలో రాయాలి.

విద్యుత్ సంస్థ సిబ్బంది కొత్త కనెక్షను ఇవ్వడానికి వచ్చినప్పుడు మీటరు బిగించి వెళ్ళిపోకుండా తీగ, ఎర్తింగు, ఆపే పరికరం చూసి సంతకం చేయాలి. మునిసిపల్ అధికారులు కొత్త అపార్టుమెంటు ప్లాను చేతికి వచ్చినప్పుడు చార్జింగు చోటుతో పాటు వాచ్‌మన్ గది ఎక్కడ చూపారో చూడాలి. మీటర్ల బోర్డుకు ఆనించి, ఒకే తలుపుతో, కిటికీ లేకుండా ఆ గదిని గీసిన ప్లానును అక్కడికక్కడే వెనక్కి పంపాలి.